మంచుదొన పిల్లలు

మంచుదొనలో ఆఖరి మనిషి చనిపోయే సమయానికి సత్యవేణి ఇడ్లీ తింటోంది. తెర మీద పొగమంచు కమ్మిన లోయ. ఆరిపోయిన పొయ్యి పక్కన ముడుచుకుని పడుకున్న ఒక ముసలివాడు. ఊపిరికి అనుగుణంగా లేచి పడుతున్న అతని భుజం కదలడం మానేసింది. తెర అడుగున 'తెగ అంతరించింది' అని అక్షరాలు వచ్చాయి.

"మళ్ళీనా?" అన్నాడు పక్క కుర్చీలోంచి ఫిరోజ్.

"మళ్ళీనే. ఈసారీ మూడో చలికాలం దాటలేదు," అంది సత్యవేణి. మిగిలిన ఇడ్లీ ముక్కని డబ్బాలో పడేసి మూత పెట్టేసింది.

వాళ్ళు పనిచేసే కంపెనీ విశాఖపట్నంలో, ఋషికొండ మీద, సముద్రం కనబడే అద్దాల మేడలో ఉంది. యజమాని భరద్వాజ్‌కి ఒకటే పట్టుదల. ప్రపంచమంతా ఆడే ఆట ఒకటి తెలుగువాళ్ళ చేతుల్లోంచి, తెలుగు పేరుతో బయటికి రావాలి. ఆ ఆట పేరే మంచుదొన. ఎత్తైన కొండల మధ్య రాతి దొన లాంటి లోయ అది. ఏడాదికోసారి పొగమంచు దాన్ని ముంచేస్తుంది. ఆ మంచులోంచి మసిపులులు దిగుతాయి. నల్లటి పొగ ముద్ద కట్టినట్టుండే ఆ మృగాలకి కళ్ళుండవు, మనిషి ఒంటి వేడిని పసిగట్టి వస్తాయి. ఆట ఆడేవాళ్ళు ఒక తెగకి పెద్దగా ఉండి, దాన్ని తరతరాలు బతికించుకోవాలి. ఆ పెద్ద ఒక్కరే ఆటగాడి చేతిలో ఉంటారు. తెగలో మిగతావాళ్ళు తమంతట తామే తిరుగుతారు, తింటారు, పిల్లల్ని కంటారు, చనిపోతారు.

ఎవరు ఎప్పుడు పుట్టాలి, ఎలా ఎదగాలి, తెగ ఎంత తొందరగా పెరగాలి అన్నది తీర్చిదిద్దడం సత్యవేణి పని.

మొదట్లో ఆమె అన్ని ఆటల్లోనూ ఉండే పద్ధతే పెట్టింది. ఇల్లుండి, గిన్నెలో తిండి ఉంటే పిల్ల పుడుతుంది. తల్లి బలం కొంత, తండ్రి బలం కొంత కలిసి పిల్లకి వస్తుంది. కొద్ది పొద్దులు తిరిగేసరికి ఈటె పట్టుకుని వేటకి పోతుంది. అలా చేస్తే తెగ వరదలా పెరిగింది. తిండి అంత వేగంగానూ అయిపోయింది. చలి రాగానే అందరూ ఒకేసారి పోయారు. పుట్టుకలు తగ్గించి చూసింది. అప్పుడు మసిపులులు ఒక్కొక్కరినే ఏరుకుని తిన్నాయి. పులుల్ని తగ్గిస్తే ఆట చప్పబడిపోయింది.

"తప్పు లెక్కలో లేదు ఫిరోజ్," అంది ఆమె డబ్బా పక్కకి నెట్టి. "మన పిల్లలకి ఏమీ రాదు. ఒళ్ళు పెరుగుతోందంతే. మంచులో ఎలా బతకాలో వాళ్ళకి ఎవరూ నేర్పట్లేదు."

"నేర్పేదెవరు? వాళ్ళ అమ్మానాన్నలకి మాత్రం ఏమొచ్చు?"

"ఆడేవాళ్ళకి వచ్చుగా."

ఫిరోజ్ ఆమెకేసి చూశాడు. ఆ కంపెనీలో అతన్ని మించి కోడ్ రాసేవాడు లేడు. ఒక ఆలోచన తలకెక్కిందంటే మరి దించుకోలేడు. సత్యవేణి మాటలోంచి పుట్టిందే, ఆడేవాళ్ళ నడతని తెగ మీద అచ్చుగుద్దే 'అచ్చు'.

అది తయారవడానికి ఒక వానాకాలమంతా పట్టింది. ఆడేవాళ్ళు ముంజేతికి ఒక పట్టీ కట్టుకుంటారు. నాడి ఎక్కడ పరుగెత్తింది, చెయ్యి ఎక్కడ తటపటాయించింది, మనిషి దేనికి జంకాడు, దేనికి ఓపిక పట్టాడు, అన్నీ ఆ పట్టీ పట్టుకుంటుంది. అవే తెగ పెద్దకి నడకగా, నడతగా వస్తాయి. ఇక పిల్లలకి బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలివ్వడం సత్యవేణి మానేసింది. దాని బదులు కళ్ళిచ్చింది. పిల్ల ఎవరి దగ్గరుంటే వాళ్ళని చూస్తుంది. చూసింది చేస్తుంది. చేసేటప్పుడు కాస్త తప్పుతుంది. ఆ తప్పులోంచే కొత్తది వస్తుంది.

మొదటిసారి ఆడి చూసింది ఫిరోజే. ఏ ఆటలోనైనా గుమ్మం దాటే ముందు ఓసారి వెనక్కి తిరిగి చూడటం అతని అలవాటు. ఆ విషయం అతనికే తెలీదు. ఆటలో ఒక పిల్ల పుట్టింది, కాస్త ఎదిగింది, గుహలోంచి ఒంటరిగా బయటికి నడిచింది. గుమ్మంలో ఆగింది. మెడ తిప్పి వెనక్కి చూసింది.

"అరె! అరె, అందరూ రండి! ఇది నేనే!" అని ఫిరోజ్ కుర్చీలోంచి లేచి అరిచాడు.

ఆఫీసంతా వచ్చి మూగింది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ రాయకుండా, ఆ పిల్ల తండ్రి లాంటి మనిషి చేష్టని పుణికిపుచ్చుకుంది. భరద్వాజ్ సత్యవేణి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ సాయంత్రం అందరూ బీచిరోడ్డుకి పోయి మురీ మిక్చర్ తిన్నారు. ప్రపంచంలో ఇంకెవరికీ లేనిది తమ దగ్గరుందని వాళ్ళకి తెలుసు. ఆ ఆనందంలో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడలేదు.

కానీ ఆ తెగ కూడా మూడో చలికాలంలోనే పోయింది. వెనక్కి చూసే పిల్ల ఆఖర్న మిగిలింది. చచ్చిపోయిన తల్లి పక్కనే కూర్చుంది. అటు పక్క గుహలో తిండి ఉంది, నిప్పు ఉంది, మనుషులున్నారు. వాళ్ళు తమ పిల్లలకి పెట్టుకున్నారు. ఈ పిల్లకేసి ఎవరూ చూడలేదు. చూడమని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు మరి.

తరువాతి ప్రయత్నం మొదలుపెట్టాలంటే పాత లోయని తుడిచెయ్యాలి. ఫిరోజ్ ఆ మీట మీద వేలు పెట్టి తీసేశాడు.

"నేను నొక్కను మేడమ్."

"బొమ్మే కదా ఫిరోజ్."

"నిన్నటిదాకా బొమ్మే."

అతను వరండాలోకి పోయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మర్నాడు ఆఫీసుకి రాలేదు. వారం పోయాక వచ్చి, "చేసిపెడతాను. తుడవడం మాత్రం నాకు చెప్పకండి," అన్నాడు. అప్పట్నించీ ఆ పని సత్యవేణి మీద పడింది. తెగ తర్వాత తెగ. ఒక తెగలో ఈల వేసే పిల్లలుండేవాళ్ళు. ఒక తెగలో నిప్పుకి జడిసేవాళ్ళు. అందరినీ ఆమే తుడిచింది. తుడిచిన రోజున ఆమె డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి వచ్చేది.

*

ఇల్లు మర్రిపాలెంలో. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, చిన్నాన్న సూర్యారావు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. సత్యవేణి పసిపిల్లగా ఉన్నప్పుడు ఘాటు రోడ్డులో బస్సు బోల్తాపడి ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అప్పటికి సూర్యారావుకి పెళ్ళి కుదిరి ఉంది. పిల్లని ఎవరికైనా అప్పజెప్తేనే పెళ్ళి అన్నారు అవతలివాళ్ళు. ఆయన సంబంధం వదులుకున్నాడు. ఈ సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు, మేనత్తలు చెప్పగా తెలిసింది. ఆ మేనత్తలే, "ఎంతైనా కన్నోల్లు కన్నోల్లేనమ్మా," అని కూడా అనేవాళ్ళు.

డబ్బా తెరిచి చూసి సూర్యారావు భోజనాల బల్ల దగ్గర కూలబడ్డాడు.

"ఏటమ్మా ఇది? అలాగే తెచ్చీసినావు. ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉంది చిన్నాన్నా. పని."

"ఏటా పని? రోజూ పిల్లల్ని పుట్టిస్తన్నావు, సంపేస్తన్నావు. అదేం ఉజ్జోగమో నాకు బోధపడ్డం లేదు. ఓపాలి నాకూ సూపించు."

పరీక్షగా ఆడి చూసే మనుషులు ఎప్పుడూ తక్కువే. మర్నాడు ఆమె ఒక పట్టీ, చిన్న తెర ఇంటికి తెచ్చి ఆయన చేతికి కట్టింది.

సూర్యారావు అంత చెడ్డగా ఆడినవాడిని ఆమె అంతవరకూ చూడలేదు. ఇళ్ళు కట్టమంటే కట్టడు. వేటకి పొమ్మంటే దారి తప్పుతాడు. కుడి మీట, ఎడమ మీట ఎప్పుడూ తారుమారు చేసుకుంటాడు. తెల్లవారగానే చెయ్యూపి గుహలో పిల్లలందర్నీ బయటికి రప్పించి పొయ్యి ముందు వరసగా నిలబెడతాడు.

"అలా నిలబెడితే ఏం లాభం చిన్నాన్నా?"

"లాభం అడుగుతావేటి? ఎవురున్నారో ఎవురు లేరో తెలీద్దా మరి?"

ఒకరోజు మసిపులులు పక్క తెగ గుహ మీద పడ్డాయి. తెల్లారాక సూర్యారావు నడిపే పెద్ద అటుగా పోతే, చనిపోయిన ఆడమనిషి పక్కన ఒక పిల్ల కూర్చుని ఉంది. సత్యవేణి వంటింట్లో కూర తరుగుతూ చూస్తోంది. ఆయన తెగకి చెందిన పిల్ల కాదది. దానికి తిండి పెట్టే వీలే ఆటలో లేదు. ఆయన మీటలన్నీ నొక్కి చూశాడు. ఏదీ పనిచేయలేదు.

"ఈ గుంటకి కూడెలా పెట్టాలే?"

"అది మీ తెగ పిల్ల కాదు చిన్నాన్నా. పెట్టడం కుదరదు."

"కుదరదంటే?" ఆయన తనే వంగుతున్నట్టు ఎడమ చేత్తో మోకాలు పట్టుకుని, తెరలోని పెద్ద చేతిలో ఉన్న దుంపని పిల్ల ముందు నేల మీద పెట్టించాడు. వస్తువుని కింద పెట్టే వీలు ఎప్పుడూ ఉంది. పిల్ల ముట్టుకోలేదు. ఆయన నడిపే పెద్ద నాలుగడుగులు వెనక్కి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. సూర్యారావు చాలాసేపు అతన్ని అలాగే ఉంచాడు. చెయ్యి కదపలేదు. కాసేపటికి పిల్ల దుంప తీసుకుంది. తర్వాత లేచి ఆ పెద్ద వెనకాలే గుహకి నడిచింది.

"బెదిరిపోయిన పిల్లని ఎప్పుడూ మొహంలోకి సూడకూడదమ్మా. అటు తిరిగి నిలబడాల," అన్నాడు సూర్యారావు తెర మీంచి కళ్ళు తియ్యకుండా. సత్యవేణి కత్తిపీట దగ్గరే కూర్చుండిపోయింది. అది ఎక్కడ నేర్చుకున్నాడో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

*

ఆయన ఆడిన తెగని మిగతా తెగలతో కలిపి ఋషికొండ మీద యంత్రంలో వదిలారు. ఆటలో కొద్ది పొద్దులకే ఒక తరం మారిపోతుంది, అలా తరాలు గడిచాయి. సూర్యారావు నడిపిన పెద్ద ఎప్పుడో ముసలివాడై చనిపోయాడు. మూడో చలికాలం వచ్చింది. పొగమంచు దిగింది, మసిపులులు దిగాయి, సగం మంది పోయారు. సత్యవేణి తుడిచే మీట దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

మంచు విడిపోయింది. తెగ ఉంది.

"ఏదో తప్పు జరిగింది," అన్నాడు ఫిరోజ్. "చచ్చిపోవాలి కదా?"

ఆటని వెనక్కి తిప్పి చూశారు. మసిపులులు ఒక గుహని ఖాళీ చేశాయి. ఇద్దరు పిల్లలు మిగిలారు. కొండ అవతలి గుహలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. ఆమెకి పిల్లలు లేరు. వంగి, రెండు దుంపలు నేల మీద పెట్టింది. వెనక్కి నడిచి, అటు తిరిగి నిలబడింది.

"ఎవరు రాశారిది?" అన్నాడు భరద్వాజ్.

ఎవరూ రాయలేదు. సత్యవేణి తెర దగ్గరికి వంగి ఆ దృశ్యాన్ని మళ్ళీ నడిపించింది. ఆ ఆడమనిషి వంగేటప్పుడు ఎడమ చేత్తో మోకాలు పట్టుకుంటోంది. చూసిన ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళూ వంగేటప్పుడు ఎడమ మోకాలు పట్టుకుంటున్నారు. ఆ మోకాలి నొప్పికి రోజూ నూనె రాసేది సత్యవేణే.

"మా చిన్నాన్న," అంది.

తెగ ఎందుకు నిలిచిందో తర్వాత నెమ్మదిగా తెలిసింది. ఇంతకాలం చలికి, పులులకి పోయిన పెద్దల కంటే, వాళ్ళు పోయాక దిక్కులేక పోయిన పిల్లలే ఎక్కువ. పుట్టిన పిల్లలు బతికుంటే కొత్తగా అంతమంది పుట్టనక్కర్లేదు. పైగా చేరదీసిన పిల్లకి రెండిళ్ళ విద్య వస్తోంది. పుట్టినింట్లో ఉచ్చులు పన్నడం చూసింది, పెరిగినింట్లో నిప్పు దాచడం చూసింది. రెండూ తెలిసినవాళ్ళు మంచులో నిలదొక్కుకున్నారు. తెల్లవారితే వాళ్ళ పిల్లలు గుహల ముందు వరసగా నిలబడేవాళ్ళు. పొగమంచులో ఎవరైనా తప్పిపోతే ఆ వరసలోనే తెలిసిపోయేది.

ఫిరోజ్ ఆ రోజు మూడు నాలుగు గుహలు తిరిగి చూసి, సత్యవేణి కుర్చీ దగ్గరికి వచ్చాడు. "మీట మీద గుడ్డ కప్పెయ్యండి మేడమ్," అన్నాడు. అతను అలా నవ్వి చాలా కాలమైంది.

*

ఆటని ప్రపంచం మీదికి వదలడానికి పెట్టుబడి పెడుతున్న పబ్లిషర్ తరఫున దివాకర్ శెట్టి వచ్చాడు. నెమ్మదస్తుడు, ఆటల వ్యాపారంలో తలపండినవాడు. అచ్చు చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. తర్వాత నోటి ముందు చేతులు జోడించుకుని కూర్చున్నాడు.

"తెగ చాలా నెమ్మదిగా పెరుగుతోంది. ఆడేవాళ్ళకి అంకె ఎక్కడం కనబడాలి. పది మంది వంద అవ్వాలి, వంద వెయ్యి అవ్వాలి. లేకపోతే మొదటి రోజే మూసేస్తారు. ఇంకోటి. వేరేవాళ్ళ పిల్లల్ని పెంచడం తీసెయ్యండి. ఆ ఆడవాళ్ళు తమ పిల్లల్ని కనడం తగ్గించేస్తున్నారు."

"పుట్టడం తగ్గింది సార్. చావడం అంతకంటే తగ్గింది," అంది సత్యవేణి.

"నిజమే. కానీ చావనివాళ్ళని ఎవరూ చూడరు. పుట్టినవాళ్ళనే చూస్తారు. ఇంకోటి, బలహీనంగా పుట్టిన పిల్లని తీసెయ్యడానికి ఒక బటన్ కావాలి. మిగతా ఆటల్లో ఉంది. అడుగుతారు."

"తీసెయ్యడమంటే?"

"మంచులో వదిలెయ్యడం. ఆట కదమ్మా."

"నాకు చెడ్డవాడిననిపించుకోవాలని లేదు," అన్నాడు దివాకర్. "మీది గొప్ప పని. గొప్ప పనులు అమ్ముడుపోక మూతబడిపోవడం చాలా చూశాను. నా మాట విని ఇవి చెయ్యండి. లేకపోతే మా వాళ్ళు వెనక్కి తగ్గుతారు."

ఆయన వెళ్ళాక భరద్వాజ్ అందరినీ కూర్చోబెట్టాడు. "కంపెనీ నాది. కానీ వాళ్ళు వెనక్కి పోతే ఈ మేడ ఖాళీ చెయ్యాలి. మీలో కొంతమందికి జీతాలివ్వలేను. మీరే చెప్పండి," అన్నాడు. పెళ్ళి కుదిరినవాళ్ళున్నారు, ఇంటి వాయిదాలున్నవాళ్ళున్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

ఆ సాయంత్రం సత్యవేణి ఇంట్లో విషయం చెప్పింది. సూర్యారావు శభాషంటాడనుకుంది. ఆయన కోప్పడ్డాడు.

"నన్ను సూసి సేస్తన్నావేటి ఇదంతా? ముసలోడు దుంప పెట్టాడని పదిమంది కంచాల్లో కూడు తీసెత్తావా? ఆ పెద్దమనిషి సెప్పినట్టు సేసీ. బొమ్మల ఆటకోసం మనుషుల్ని ఇబ్బంది పెట్టకు."

"నీ కోసం కాదు చిన్నాన్నా."

"మరెవురి కోసం?"

"పని బాగా వచ్చింది. అందుకు. ఇన్నేళ్ళు నేను చేసినదంతా చచ్చిపోయింది. ఇదొక్కటే బతికింది. బతికినదాన్ని నా చేత్తో పాడుచెయ్యలేను." ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. తల పైకెత్తి మాట్లాడుతోంది. "పని తెలిసినవాళ్ళం మేము. మా ఆట ఇలాగే ఉంటుంది. నచ్చితే ఆడతారు, లేకపోతే లేదు."

బడిలో పిల్లలు పరుగుపందెం గెలిచినప్పుడు కూడా సూర్యారావు మెచ్చుకోలు ఒకటే మాట. ఆ మాటే అన్నాడు. "సరే. నిలబడు మరి."

మర్నాడు ఋషికొండ మీద సత్యవేణి తన మాట చెప్పింది. ఫిరోజ్ ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. కొందరు తలలు దించుకుని సెలవు తీసుకున్నారు. వాళ్ళల్లో బొమ్మలు గీసే అమ్మాయి ఒకతె వెళుతూ వెళుతూ తను గీసిన గుహలకేసి చూసి ఏడ్చింది. భరద్వాజ్ దివాకర్‌కి ఫోన్ చేసి కాదన్నాడు. మిగిలినవాళ్ళు ఊళ్ళోనే దొండపర్తిలో ఒక టైర్ల షాపు పై అంతస్తుకి కుర్చీలు మోసుకున్నారు. కింద రోజంతా గాలి కొట్టే చప్పుడు. కరెంటు పోతే యంత్రాలతోపాటు మనుషులూ చెమటలు కక్కేవాళ్ళు. సత్యవేణికి రావలసిన జీతంలో సగమే వచ్చేది. సూర్యారావు పొద్దున్నే పక్కవీధి పిల్లలకి కబడ్డీ నేర్పడం మొదలుపెట్టాడు. అడిగితే మోకాలికి మంచిదన్నాడు.

సూర్యారావు తెగ వారసులే అందరి తెగలకీ తొలి మనుషులుగా ఆట బయటికి వచ్చింది. దివాకర్ చెప్పినట్టే మొదట్లో చాలామంది మధ్యలో మూసేశారు. కానీ మూయనివాళ్ళు మరి వదల్లేదు. తమ పిల్లలు తమలాగే తల గోక్కుంటున్నారని, తమలాగే పరుగెత్తేముందు ఆగుతున్నారని ఒకళ్ళకొకళ్ళు చూపించుకున్నారు. కరీంనగర్ నుంచి, కర్నూలు నుంచి, ఎక్కడో భాష తెలియని దేశాల నుంచి కూడా మంచుదొన అన్న మాట వినబడసాగింది. ఏడాది తిరిగేసరికి విశాఖపట్నంలోనే పెద్ద పోటీ పెట్టారు.

*

పోటీ ఆఖరి ఆట రోజున హాలు కిక్కిరిసిపోయింది. వేదిక మీద రెండు బల్లలు. ఒకదాని దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన విక్రాంత్ గౌడ్. ఆటలు ఆడటమే వృత్తిగా పెట్టుకున్నవాడు, దయలేని ఆటకి పేరుపడ్డవాడు. రెండోదాని దగ్గర విజయనగరం ఆసుపత్రిలో నర్సుగా చేసే కుసుమకుమారి. నియమం తేలికే. ఒకే లోయలో ఇద్దరి తెగలూ ఉంటాయి. చలికాలం ముగిసేసరికి ఎవరి తెగ మిగిలితే వాళ్ళది గెలుపు. రెండూ మిగిలితే మళ్ళీ చలికాలం ఆడాలి. తెగ పెద్ద పోయినా పిల్ల ఒక్కటి ఉంటే చాలు, అది పెరిగి పెద్దయి ఆటగాడి చేతికి వస్తుంది.

విక్రాంత్ మనుషులు వేసవిలోనే కుసుమ గుహల మీద పడ్డారు. తిండి దోచుకున్నారు. ఒక ఆడమనిషి కన్న ఇద్దరు పిల్లల్ని చంపేశారు. హాలంతా ఈలలు, కేకలు. కానీ చలికాలం వచ్చేసరికి విక్రాంత్ తెగలో పోరాడేవాళ్ళే తప్ప నిప్పు దాచడం తెలిసినవాళ్ళు లేరు. మంచు దిగింది. మసిపులులు వాళ్ళ గుహలోకే నడిచాయి. విక్రాంత్ పళ్ళు బిగించి మీటలు నొక్కుతూనే ఉన్నాడు. ఒక్కొక్కరే పోయారు. ఆఖరుకి అతని పెద్ద కూడా పోయాడు. మంచులో ఒక్క ఆడపిల్ల మిగిలింది, నుదుట అతని తెగ ఎర్రబొట్టుతో.

అప్పుడు కుసుమ గుహలోంచి ఒక మనిషి బయటికి వచ్చింది. వేసవిలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ఆడమనిషే.

"వద్దు! వెళ్ళకు! పులులున్నాయి!" అని కుసుమ పైకే అరిచింది. ఆమె చేతిలో ఉన్నది తెగ పెద్ద మాత్రమే. ఆ ఆడమనిషి ఎవరి మాటా వినలేదు. మంచులో తడుముకుంటూ పోయి, దుంప ఒకటి నేల మీద పెట్టింది. వెనక్కి జరిగి, అటు తిరిగి నిలబడింది.

పిల్ల చాలాసేపు కదల్లేదు. పొగలో ఎక్కడో మసిపులి గుర్రుమంది. పిల్ల దుంప తీసుకుంది. లేచి ఆమె దగ్గరికి నడిచి, ఆమె చెంగు పట్టుకుంది. ఇద్దరూ గుహలోకి వచ్చేశారు. మంచు విడిచింది. చలికాలం అయిపోయింది.

పోటీ నడిపే అతను మైకు పట్టుకుని తడబడ్డాడు. పిల్ల విక్రాంత్ తెగదైతే ఆట ఇంకా ఉంది. కుసుమ తెగదైతే గెలుపు ఆమెది. పిల్ల నుదుట ఎర్రబొట్టు అలాగే ఉంది. అది ఎవరి పిల్ల అన్నది నియమాల్లో ఎక్కడా లేదు. అతను మైకుని తెచ్చి సత్యవేణి చేతికిచ్చాడు. "మీరే చెప్పాలి మేడమ్. ఆట చేసింది మీరు."

ఆమె వేదిక ఎక్కింది.

"ఆ పిల్ల పుట్టింది విక్రాంత్ గారి తెగలో. అది ఎవరూ చెరపలేరు. ఆ బొట్టు అలాగే ఉంటుంది. కానీ మంచులోకి వచ్చి చేరదీసింది ఈ ఇల్లు. ఏ పొయ్యి దగ్గర తిని, ఎవర్ని చూసి పెరుగుతుందో, పిల్ల ఆ ఇంటిది. ఇంతవరకూ మేం ఈ నియమం రాసుకోలేదు. ఇవాళ్టినుంచీ మంచుదొనలో ఇదే నియమం."

జనం లేచి అరిచారు. మూడో వరసలో సూర్యారావు ఒక్కడే అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. జెండా ఎగరేసినప్పుడు నిలబడినట్టు, చేతులు పక్కలకి ఆనించి, ఛాతీ విరుచుకుని, నిటారుగా నిలబడ్డాడు. అంత హోరులోనూ సత్యవేణికి ఆయనొక్కడే కనిపించాడు. పక్కనే ఫిరోజ్ ఆయన భుజం మీద చెయ్యేసి గట్టిగా పట్టుకున్నాడు.

విక్రాంత్ గౌడ్ తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. గొడవ పెట్టుకుంటాడేమోనని అందరూ అటే చూశారు. అతను ముంజేతి పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. లేచి సత్యవేణి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"మేడమ్, ఆ పోరికి నా పోలికలు ఉంటయా?"

"ఉంటాయి. మిమ్మల్ని చూసే కదా ఇంతవరకూ పెరిగింది. ఇకమీదట ఆవిడ పోలికలూ వస్తాయి."

అతను తలూపాడు. కుసుమ బల్ల దగ్గరికి నడిచాడు. ఆమె తెర మీద ఆ పిల్ల కొత్త పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటోంది. తెగలోకి కొత్తగా చేరినవాళ్ళ పేరు అడుగుతూ తెర మీద ఒక ఖాళీ గడి వెలుగుతోంది.

"అక్కా, పేరు నేను పెట్టచ్చా?" అన్నాడు.

కుసుమ కుర్చీ కాస్త పక్కకి జరిపి అతనికి చోటిచ్చింది. "నువ్వే పెట్టాల తమ్ముడూ. సెప్పు."

"మల్లవ్వ," అన్నాడు విక్రాంత్. "మా అమ్మ పేరు."